దూరపు కొండలు, మన తిరుత్తణి కొండ

“దూరపు కొండలు నునుపు” అనునది మన ఇండ్లలో నిత్యము వినబడు మాట. అయితే దక్షిణ అమెరికాలో పెరూ దేశమందున్న ఆండీస్ కొండలకు పోవు యాత్రికులకు ఆ భ్రమ ఏమియు లేదు. అచ్చట గాలి పలుచన, నాలుగడుగులు వేయగనే ఆయాసము వచ్చును, తల నొచ్చును అని ముందుగా తెలిసికొనియే లక్షలకొలది జనము ఏటేట పోవుచున్నారు. వారు పోయి చూచునది ఇంకాలు అను పూర్వపు రాజులు కట్టించిన రాతిగోడలు, గుళ్ళు, మెట్లు. తిరిగి వచ్చునపుడు వారి సంచిలో ఉండునది మాత్రము రాయి కాదు, బట్ట. ఈ సంగతి తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతపు నేతవారు ఒక్క గడియ మగ్గమాపి ఆలోచింపదగినదని నా అభిప్రాయము.

మన కొండకు మాత్రము జనము తక్కువా? ఆడికృత్తికనాడు కావళ్ళు మోసుకొని వచ్చు భక్తులకు ఊరు చాలదు. డిసెంబరు 31వ తేదీ రాత్రి 365 మెట్లకు మెట్లపూజ జరుగును. ఇదిగాక చెన్నై నుండి తిరుపతికి పోవు బస్సులు, కార్లు మన ఊరి మీదుగనే పోవుచున్నవి, రైలును అంతే. ఇందరు వచ్చి స్వామిని సేవించుకొని, విభూతి పొట్లముతో, పిల్లలకొక ప్లాస్టిక్ బొమ్మతో వెళ్ళిపోవుచున్నారు. కొండ దిగిన చోటికి కొద్ది దూరములోనే పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం, ఆర్.కె.పేట, పళ్ళిపట్టు ఊళ్ళలో మగ్గములు ఆడుచున్నవని వారిలో ఎందరికి తెలియును? తెలియకపోవుట వారి తప్పు కాదు. మనము చెప్పలేదు.

ఇంకాల కథ కొంచెము చెప్పవలెను. (ఈ పేరు చెప్పగనే మా ఇంటి పిల్లలు “ఇంకా ఏమిటి, ఇంకా ఏమిటి” అని నవ్విరి. నవ్వనిండు.) వీరు 15వ శతాబ్దములో కుస్కో అను నగరమును రాజధానిగా చేసికొని, నూరేండ్లు నిండకుండగనే ఉత్తరమున నేటి కొలంబియా సరిహద్దు మొదలు దక్షిణమున చిలీ నడుమ వరకు ఏలినవారు. వారికి ఇనుము లేదు, చక్రపు బండి లేదు, అక్షరముల వ్రాత లేదు. అయినను 30,000 కిలోమీటర్లకు మించిన బాటలు వేసిరి. ఆ బాటలను 2014లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వముగా గుర్తించిరి. లెక్కలన్నియు నూలు త్రాళ్ళకు, ఉన్ని త్రాళ్ళకు వేసిన ముడులలో ఉంచిరి. వాటిని కిపూలందురు. ఒకట్లు, పదులు, వందలు, వేలు, ఏ ముడి ఏ ఎత్తున పడినదో దానినిబట్టి చదువుదురు. పుంజములు లెక్కించి పడుగు పోయు మనకు ఈ సంగతి అంత వింతగా తోచదు. దారము మీద లెక్క నిలుచునని నేతవానికి వేరొకరు చెప్పవలెనా?

యాత్రికుడు మొదట దిగునది కుస్కోలో. సముద్రమట్టమునకు సుమారు 3,400 మీటర్ల ఎత్తు. ఆ ఊరి సందులలో నడచినచో క్రింద ఇంకాల గోడ, పైన స్పెయిను వారి గోడ. సూర్యుని గుడియైన కొరికంచ మీద స్పెయినువారు తమ మఠము కట్టిరి. 1950లో భూకంపము వచ్చి మఠము చాలవరకు దెబ్బతిన్నది. లోపలి ఇంకా గోడలు చెక్కుచెదరక బయటపడినవి. సున్నము, మన్ను ఏమియు లేకుండ రాతికి రాయి అంటునట్లు నూరి నిలిపిన గోడలవి. ఊరి పైని సాక్సాయ్‌వామన్ కోటలో ఒక్కొక్క బండ నిలువెత్తు మనిషిని మించియున్నది. అటుపిమ్మట రైలెక్కి మాచు పిచ్చుకు పోవుదురు. 1911లో హైరం బింగాం అను అమెరికా పండితుడు ఆ స్థలమును లోకమునకు చాటెను. కనుగొనెను అని పుస్తకములు వ్రాయుచున్నవి గాని, ఆయన పోవునప్పటికే అచ్చటి మెట్ల పొలములలో రైతు కుటుంబములు పంట వేసికొనుచుండెను. దారి చూపినవారు ఆ ప్రాంతపువారే. తమ గడపలో నున్నదానిని పైవాడు వచ్చి కనుగొనుట మన దేశములోను జరిగిన పనియే.

ఇంతవరకు రాతి కథ. ఇక మన కథ.

ఇంకాల రాజ్యములో బంగారముకంటె బట్టకు విలువ యెక్కువ. ఇది నేను నేతవారి మెప్పుకొరకు అనుచున్న మాట కాదు. జాన్ మురా అను పండితుడు 1962లో ఈ విషయము మీదనే ఒక పెద్ద వ్యాసము వ్రాసి, ఆ రాజ్యము ఎట్లు బట్టతో నడచెనో చూపెను. సైనికునికి జీతము బదులు బట్ట. లొంగిన సామంతునికి మర్యాద బట్ట. దేవునికి నైవేద్యముగా బట్టను అగ్నిలో వేయుదురు. స్పెయినువారు వచ్చునప్పటికి కొండల మీద వరుసలు తీర్చిన గిడ్డంగులలో బట్ట నిండియుండెను. సామాన్యుల ముతక నేతకు అవాస్క అనియు, రాజులు, దేవతలకు తగిన సన్న నేతకు కుంబి అనియు పేర్లు. కుంబిని నేయుటకు కన్యలను ఎన్నిక చేసి ప్రత్యేక గృహములలో ఉంచెడివారు. మగ నేతగాండ్రును వేరుగ ఉండిరి. అంగుళమునకు వందల పేకపోగులు పడు ఆ బట్టలు నేటికిని పెద్ద మ్యూజియములలో రంగు చెడక యున్నవి. గొప్ప కుంబి చొక్కాలలో ఒకటి అమెరికాలోని డంబార్టన్ ఓక్స్ సంగ్రహములో కలదు. దాని నిండ చిన్న చిన్న గడులు, గడిగడికి ఒక బొమ్మ.

సామాన్య కుటుంబము ఏటేట ప్రభుత్వమునకు నేసి ఈయవలసిన బట్ట వేరు. ఉన్ని ప్రభుత్వముది, చేయి వీరిది. మన మజూరి నేత ఎట్లో అదియు అట్లే. షావుకారు ఉండు చోట రాజు ఉండెను, అంతే తేడా.

ఇంకాలకు ముందునుండియే ఆ దేశపు నేత మహా ప్రాచీనము. పెరూ సముద్రతీరమున వాకా ప్రియేటా అను దిబ్బలో దొరికిన నూలుగుడ్డ ముక్కలపై నీలిరంగు ఉన్నదనియు, అవి సుమారు 6,000 ఏండ్ల నాటివనియు 2016లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. నీలిమందు మన సొత్తే అని మనము గర్వపడుచుందుము. గర్వము తగ్గించుకొననక్కరలేదు, కాని లోకములో మరొక మూలను కూడ ఎవరో ఒక అవ్వ ఆకు నానబెట్టి నీలి తీసినదని తెలిసికొనుట మంచిది.

స్పెయినువారు 1532లో వచ్చిరి, మరుసటి ఏడు రాజైన అతహువాల్పను చంపిరి. నేతవారిని ఒబ్రాహెలు అను పనిశాలలలో కట్టిపడవేసి పని చేయించిరి. 1780లో తూపాక్ అమారు తిరుగుబాటు లేచినది. దానిని అణచిన పిమ్మట 1781లో ఇంకాల ఉడుపులు ధరింపరాదని ఆజ్ఞ వేసిరి. బట్టకు ఎంత బలము లేకున్న ప్రభుత్వము దానిని చూచి జంకును? మన వైపునను కుంఫిణీవారు బట్ట విలువ ఎరిగినవారే. 1734లో మదరాసులో చింతాద్రిపేట కట్టినపుడు వడికేవారిని, నేసేవారిని, అద్దకమువారిని పిలిచి స్థలములిచ్చి కూర్చుండబెట్టిరి. దయచేత కాదు, సరకు కొరకు.

ఇట్టి దెబ్బలు తిన్నను ఆండీస్ కొండలలో నేత నిలిచినది. కుస్కోకు చేరువనే చించెరో అను ఊరున్నది. అచ్చటి ఆడువారి మగ్గమునకు గుంట లేదు, పలక లేదు, దోనె లేదు. పడుగు ఒక కొన గుంజకు, రెండవ కొన నడుమునకు కట్టుకొని, వెనుకకు వాలిన పడుగు బిగియును, ముందుకు వంగిన సడలును. పని ముగిసిన చాపవలె చుట్టి చంకన పెట్టుకొని పోవచ్చును. ఐప్పసి, కార్తీక మాసముల ముసురులో గుంటలో చెమ్మ ఊరి, గంజిపెట్టిన పడుగు ఆరక, పని లేక కూర్చుండు మనకు ఆ మగ్గమును చూచిన కొంచెము అసూయ కలుగును. అయితే మన మగ్గము మీద ఒక్క దినమున పడు గజములు ఆ మగ్గము మీద పడవు.

యాత్రికుడు అచ్చట చూచునది ఇట్లుండును. ఒక దుంపవేరు నీళ్ళలో తురిమి నురుగు తీసి అందులో ఉన్ని ఉతుకుదురు. నాగజెముడు వంటి మొక్క మీద బ్రతుకు కొచినీల్ అను చిన్న పురుగును ఎండబెట్టి అరచేతిలో నలిపిన ఎర్రని ఎరుపు వచ్చును. దాని మీద నాలుగు నిమ్మచుక్కలు పిండిన నారింజ వన్నెకు తిరుగును. చూచువారు నోళ్ళు తెరచుకొని యుందురు. మన ఇండ్లలో ముసలివారు కరక్కాయతో, పటికతో చేసిన పనులు చూపినచో ఇంతకన్న తక్కువ వింత కాదు, కాని మనము వాటిని పెరటిలో దాచి రంగు డబ్బా మూత తీసితిమి.

ఈ చించెరో ఊరి నేతకత్తెయే నిల్డా కాల్యన్యౌపా గారు. ఆమె తోటివారితో కలసి 1996లో కుస్కోలో సంప్రదాయ నేత కేంద్రమును స్థాపించెను. చుట్టుపట్ల పది ఊళ్ళ నేతవారు అందులో చేరియున్నారు. ముసలివారికి మాత్రమే తెలిసిన పాత నమూనాలను వెదకి పిల్లలకు నేర్పిరి. అమ్ముడుపోవు బట్టకు నేసినవారి పేరు, ఊరు వ్రాసిన చీటీ కట్టుదురు. ఈ చీటీ సంగతి నాకు మిక్కిలి నచ్చినది. మన చీరెకు మిల్లు పేరున్నది, అంగడి పేరున్నది, జరీ కంపెనీ పేరైన ఉన్నది. కాళ్ళు గుంటలో పెట్టి నడుము వంగినవాని పేరు మాత్రము ఏ మడతలోను లేదు.

అంతమాత్రమున ఆ దేశములో అంతయు పాలూ తేనె అని చెప్పను. కుస్కో బజారులలో మిల్లులో తీసిన కృత్రిమ దారపు శాలువలను అల్పాకా ఉన్ని అని అమ్ముట అందరెరిగిన సంగతి. యాత్రికుల బండి తెచ్చిన మధ్యవానికి వాటా పోగా నేసినామెకు మిగులునది కొద్ది. యాత్రికుల ముందు పండుగచీరె కట్టి, రోజుకు పదిమార్లు అదే నురుగు, అదే పురుగు చూపుట నేతపని యగునా నాటకమగునా అని అడుగువారు అచ్చటను ఉన్నారు. 2020లో కరోనా వచ్చి యాత్రలు ఆగిపోయినపుడు యాత్రికుల మీదనే ఆధారపడినవారి గతి ఏమైనదో ఊహింపవచ్చును. కాబట్టి చించెరోను చూచి అట్లే దింపుకొందమని నా వాదము కాదు. నమూనా చూచి మన అచ్చుకు, మన పోగుకు తగినట్లు మార్చుకొనుట నేతవానికి తెలియని పనియా?

ఇక మన గడపలో ఏమున్నదో చూతము. తిరుత్తణి అనగానే కొండమీది సుబ్రహ్మణ్యస్వామియే తలపునకు వచ్చును. కాని ఊరిలోనే వీరట్టానేశ్వరాలయమున్నది. 9వ శతాబ్దపు చివర పల్లవ రాజైన అపరాజితుని కాలమున కట్టినది. గర్భగుడి వెనుకభాగము ఏనుగు వీపువలె గుండ్రముగా నుండును. మనలో ఎందరు దానిని చుట్టి చూచిరి? కొద్ది దూరములో తిరువాలంగాడు. నటరాజస్వామి అయిదు సభలలో ఒకటైన రత్నసభ అది, కారైక్కాల్ అమ్మయార్ కథతో ముడిపడినది. ఆ ఊరి రాజేంద్రచోళుని రాగిశాసనములు 1905లో బయటపడి చోళుల చరిత్రకే ఆధారములైనవి. మన నన్నయభట్టు ఏ రాజు కోరగా భారతము తెనిగింప మొదలిడెనో ఆ రాజరాజనరేంద్రుడు ఈ రాజేంద్రచోళుని అల్లుడే. తమిళదేశములో కూర్చుండి తెలుగు మాటాడుట ఏమి వింత అని ఎవరైన అడిగిన, ఈ చుట్టరికము చెప్పుడు.

ఇంకను వెనుకకు పోవలెనన్న, తిరువళ్ళూరుకు దాపున కొసస్తలై యేటి లోయలో అత్తిరంపాక్కమున్నది. రాబర్ట్ బ్రూస్ ఫూట్ దొర 1863లో అచ్చట ఆదిమానవుల రాతి పనిముట్లు చూచెను. శాంతి పప్పు గారు మరి కొందరు శాస్త్రజ్ఞులతో తవ్వి, పరీక్షించి, ఆ పనిముట్లలో పాతవి సుమారు 15 లక్షల ఏండ్లనాటివని 2011లో ప్రకటించిరి. దగ్గరలో గుడియం గుహలున్నవి, పూండిలో ఈ పనిముట్లను చూపు మ్యూజియమున్నది. మాచు పిచ్చు వయసు సుమారు ఆరువందల ఏండ్లే. అది చూచుటకు జనము భూగోళము చుట్టి పోవుచున్నారు. మనము పూండి జలాశయమునకు పోయి చేపలు కొని తెచ్చుకొనుచున్నాము.

ఒక పోలిక మనసును వదలదు. చించెరో నేతకత్తె ఇంటిలో కెచువా మాటాడును, బజారులో స్పానిషు. మనము ఇంటిలో తెలుగు, సంతలో తమిళము. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకా ఆంధ్రప్రదేశ్ చిత్తూరు జిల్లా నుండి మదరాసు రాష్ట్రములో కలిసినది. ఆనాడు మగ్గములు కదలలేదు, సరిహద్దు కదలినది. పెరూ ప్రభుత్వము 1975లో కెచువాను అధికారభాషగా ఒప్పుకొన్నది. అయినను భాషను నిజముగా కాపాడినది మగ్గము ప్రక్కన కూర్చున్న అమ్మమ్మలే అందురు. అంచుకొక పేరు, గడికొక పేరు ఆ భాషలోనే ఉన్నవి గనుక నేత నేర్పవలెనన్న భాష నేర్పక తప్పదు. మనకును అంతే. పడుగు, పేక, నాడె, కండె, ఆసు, ఈ మాటలు మన పిల్లలు బడిలో నేర్వరు. మగ్గము పోయిననాడు ఈ మాటలును పోవును.

మగ్గము పోవుట ఊరక అన్న మాట కాదు. 2019–20 చేనేత జనగణన ప్రకారము దేశములో నేతపని, అనుబంధ పనులు చేయువారు సుమారు 35 లక్షలు. నేత కుటుంబములలో సుమారు మూడింట రెండు వంతులకు నెల రాబడి 5,000 రూపాయలకు లోపే. ఇట్టి లెక్క తెలిసిన తండ్రి కుమారుని శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీ బస్సెక్కించుటలో తప్పేమున్నది? నేనును ఎక్కింతును. కాని ఇంటిలో ఒక్కరైన మగ్గము దగ్గర నిలువవలెనన్న, బట్టకు ఇప్పటి మజూరికి మించి ధర రావలెను. ఆ ధర షావుకారు ఈయడు. కొండకు వచ్చు భక్తుడు ఈయవచ్చును, చేతినేత అని నమ్మకము కలిగిన.

ఆ నమ్మకమే అసలు చిక్కు. మన ఊళ్ళలో మరమగ్గములు విస్తారము. వాటిపై బ్రతుకువారు మనవారే. మరమగ్గము తప్పు కాదు, మరమగ్గపు బట్టను చేనేత అని చెప్పుట తప్పు. 1985లో వచ్చిన రిజర్వేషను చట్టము కొన్ని రకములను చేనేతకే కేటాయించినది. 2006లో చేనేత గుర్తు వచ్చినది. రెండును కాగితము మీద బాగున్నవి. కుస్కో బజారువలె మనమును అబద్ధపు చీటీ కట్టినచో మొదటి యేడు లాభము, రెండవయేట భక్తుడు బేరము కూడ ఆడడు.

కాబట్టి మన సంఘము ముందు ఒక కోరిక ఉంచుచున్నాను. కొండ మెట్ల దాపున ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసికొని, గుంట తవ్వి, ఒక మగ్గము వేయవలెను. ఊరొక్కింటికి వారము చొప్పున వంతులు. అద్దాల బీరువాలు, రంగుదీపములు వలదు. నేయువారు తమ పని తాము నేయవలెను, చూచువారు చూతురు, వేషము కట్టనక్కరలేదు. ప్రక్కన తువాళ్ళు, పంచెలు, చీరెలు, కాషాయపు కండువాలు. ప్రతిదానికి నేసినవారి పేరు, ఊరు తెలుగులోను తమిళములోను. ధర సంఘము నిర్ణయించును, బేరము లేదు. మరమగ్గపు సరుకు గడప దాటరాదు. కొండకు వచ్చువాడు భక్తుడు గాని యాత్రికుడు కాడు, బట్ట కొనడు అని కొందరు పెద్దలు అనిరి. స్వామికి వస్త్రము చెల్లించు భక్తుడు తాను కట్టుకొనుటకు ఒక పంచె కొనడా? అడిగి చూచినవారెవరు?

ఈ పనికి పూర్వము మనవారు కొందరు కలసి ఒక ఆదివారము బండి కట్టించుకొని వీరట్టానేశ్వరము, తిరువాలంగాడు, పూండి చూచి రావలెను. పిల్లలను తీసికొని పోవలెను. ఎదుటివానికి చూపువాడు ముందు తాను చూచియుండవలెను గదా.

పెరూలో అపూరిమాక్ నది మీద కెశ్వచాక అను వంతెన ఉన్నది. సుమారు 30 మీటర్ల పొడవు, ఇనుము లేదు, గడ్డి పేనిన త్రాళ్ళతో కట్టినది. ఏటేట జూన్ మాసమున నాలుగు ఊళ్ళవారు వచ్చి, ఇంటింట పేనిన త్రాళ్ళు కూర్చి, మోకులు చేసి, పాత వంతెనను నదిలోనికి విడిచి క్రొత్తది కట్టుదురు. ఇంకాల కాలమునుండి వచ్చు పని. 2013లో యునెస్కో దీనిని గుర్తించినది. దగ్గరలో వేరొక గట్టి వంతెన ఉన్నను వారు మానలేదు. త్రాడు తేని ఇల్లు ఏదో ఊరికి తెలిసిపోవును.

మన పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం, ఆర్.కె.పేట, పళ్ళిపట్టు, అత్తిమాంజేరిపేట కూడ లెక్కకు అయిదు ఊళ్ళు. మెట్ల దాపున ఇంటి అద్దెకు ఊరికెంత, మొదటి వారము మగ్గమెక్కువారెవరు, ఈ రెండు సంగతులు వచ్చు సర్వసభ్య సమావేశమునకు ముందుగా ఊరి పెద్దలు సంఘ కార్యాలయమునకు వ్రాసి పంపవలెను. వచ్చు ఆడికృత్తికకు మగ్గము సిద్ధము కావలెనన్న గుంట వానలకు మునుపే తవ్వవలెను.